మానని పుండు

దేహమునకు గాయము తగులుట వింత కాదు. తగిలిన గాయము మానుటయే వింత. తెగినచోట నెత్తురు గడ్డకట్టును. తెల్లకణములు చేరి క్రిములతో పోరాడును. క్రొత్తమాంసము పుట్టును. అంచులనుండి చర్మము మెల్లగా ప్రాకివచ్చి గాయమును కప్పివేయును. ఇంతపనియు మన యెరుక లేకయే జరిగిపోవుచుండుటచేత గాయము మానుటను గూర్చి మన మెన్నడును ఆలోచింపము. మానకుండుటను గూర్చి మాత్రము తప్పక ఆలోచింపవలసియున్నది. ఏండ్లతరబడి నిలిచిన పుండు, నిత్యము ఒరసికొనిపోవు చర్మము, కాలి ముడుచుకొనిపోయిన పాతమచ్చ, వీనిలో కొన్నింట కాలక్రమమున కాన్సరు పుట్టునని వైద్యశాస్త్రము రెండువందల యేండ్లుగా చెప్పుచున్నది. చెప్పుచున్నను ఈ సంగతి వైద్యకళాశాలల గోడలు దాటి జనసామాన్యము చెవిని పడినట్లు కానరాదు. పొగాకువలని కీడునుగూర్చి సినిమాశాలలందు సైతము హెచ్చరికలు వినబడుచున్నవి. పాతపుండువలని కీడునుగూర్చి హెచ్చరించువారు లేరు.

ఇందులకు కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఈ వ్యాధి ప్రధానముగా పేదలను, వృద్ధులను, పల్లెలవారిని, వంటయింటి పొయ్యిముందర కాలిన స్త్రీలను, స్పర్శజ్ఞానము కోల్పోయిన కుష్ఠురోగులను పట్టుచున్నది. గొంతెత్తి చెప్పుకొనగలవారికి వచ్చుట యరుదు. కావున రాజధానియందలి తెలుగు విద్యాధికులు, అందును వైద్యులు, న్యాయవాదులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఈ విషయమును వారి పక్షమున తెలిసికొనవలసియున్నదని మేము తలంచి దీనినిట విశదీకరించుచున్నాము.

పేరులోని జ్ఞానము

కాన్సరను పేరు మనకు ఇంగ్లీషువారివలన వచ్చినది. అంతకుముందే మన పెద్దలు దీనిని రాచపుండనియు, పుట్టకురుపనియు పిలుచుచుండిరి. రాచపుండన్న మాటను మధుమేహరోగుల వీపున లేచు పెద్దకురుపునకును వాడుట కలదు. రెంటికిని నడుమ నేడు మనము చేయు భేదము నాటివారు చేయలేదు. అయినను ఈ రెండు పేర్లలో ఒకదానియందు పుండును, రెండవదానియందు కురుపును ఉండుట గమనింపదగినది. లోపల దాగియుండు కాన్సరును గుర్తించు సాధనములు లేని కాలమున జనులకు కంటబడినది చర్మముపైని, నోటియందు, స్తనమునందు పుండై పైకి వచ్చిన కాన్సరే. చీమలపుట్టవలె గుల్లగుల్లగా పైకిలేచు మాంసమును చూచియే పుట్టకురుపనిరి. నేటి వైద్యగ్రంథములు అదే రూపమును కాలిఫ్లవరుతో పోల్చుచున్నవి. సుశ్రుతాచార్యుని సంహిత వ్రణములను శుద్ధవ్రణములనియు దుష్టవ్రణములనియు విభజించి, సుఖముగా మానునవి యేవో, మానక వేధించునవి యేవో లక్షణములతో వివరించినది. పుండ్లన్నియు ఒకటి కావనియు, కొన్నింటి స్వభావమే వేరనియు మనవారికి తెలియకపోలేదు. నేటివారికి ఆ తెలివి తప్పిపోయినది.

పాశ్చాత్యదేశములందు ఈ విషయమున ప్రసిద్ధికెక్కిన పేరు మార్జొలిన్. ఇతడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు. 1828లో ఒక వైద్యనిఘంటువునందు పుండ్లనుగూర్చి వ్రాయుచు, పాతమచ్చలపై పులిపిరులవలె పెరుగు ఒకవిధమైన పుండును వర్ణించెను. అది కాన్సరని ఆయన అనలేదు. తరువాతివారు ఆ సంగతిని గ్రహించిరి. 1903లో అమెరికా శస్త్రవైద్యుడు డకోస్టా దానికి మార్జొలిన్ పుండని పేరుపెట్టెను. నేటికిని పాతమచ్చనుండి గాని, మానని పుండునుండి గాని పుట్టిన చర్మకాన్సరునకు అదియే పేరు. నిరంతరమైన రాపిడివలన, వాపువలన కాన్సరు పుట్టునను సిద్ధాంతమును 1863లో జర్మనీ పండితుడు విర్కౌ ప్రతిపాదించెను. 1915లో జపాను శాస్త్రజ్ఞులు యమగివ, ఇచికావ అనువారు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి, పుండు రేపి, కాన్సరు పుట్టించి చూపిరి. ఇక్కడ తారులోని విషద్రవ్యముల పాత్ర ముఖ్యమైనదే యయినను, దీర్ఘకాలము బాధింపబడిన చర్మము దారితప్పునన్న మాటకు ప్రయోగశాలలో సాక్ష్యము లభించినది.

కాశ్మీరపు కుంపటి

ఈ వ్యాధికి లోకమున ప్రసిద్ధమైన ఉదాహరణము మన దేశముననే కలదు. కాశ్మీరమున చలికాలమందు జనులు కాంగ్రీ యను చిన్న కుంపటిని ధరింతురు. మట్టిమూకుడునకు వెదురువంటి సన్నని కొమ్మలతో బుట్ట అల్లి, అందు బొగ్గునిప్పులుంచి, ఫెరన్ అను పొడవైన అంగీలోపల పొట్టకును తొడలకును ఆనించి పెట్టుకొందురు. బీదవానికి అంతకంటె చవుకయైన వెచ్చదనము లేదు. ఆ వేడిమి చర్మమును ఒక్కమాటుగా కాల్చదు. ప్రతిశీతకాలమున కొంత కొంత వేపును. మొదట చర్మముపై ఎఱ్ఱని వలవంటి చారలు కనబడును. పిదప అవి నల్లబడును. చర్మము ఎండి మందమగును. ఇరువది ముప్పది శీతకాలములు గడచిన పిమ్మట ఒకచోట చిన్నపుండు లేచును. అది మానదు.

ఈ కాన్సరును 1866లో ఎల్మ్‌స్లీ యను మిషనరీ వైద్యుడు ఇండియన్ మెడికల్ గెజెట్టునందు ప్రకటించెను. పిదప శ్రీనగరమున దీర్ఘకాలము వైద్యము చేసిన అర్నెస్టు నీవ్ అను శస్త్రవైద్యుడు దీనిని కాంగ్రీ కాన్సరను పేరున లోకమునకు తెలిపెను. ఇతరదేశములందు చర్మకాన్సరు ఎక్కువగా ముఖమునకు, చేతులకు వచ్చుచుండగా, కాశ్మీరమున తొడలకును పొట్టకును వచ్చుట ఆయన దృష్టిని ఆకర్షించినది. కుంపటి ఆనుచోటనే పుండు పుట్టుచున్నది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము మరేమి కావలెను? జపానులో కైరో యను చిన్నపెట్టె, ఉత్తరచైనాలో వేడిచేసిన ఇటుకలపడక, ఐర్లండునందు బొగ్గుమట్టి మంటయెదుట కూర్చుండు ముసలమ్మల మోకాటిక్రింది భాగములు, ఇవియు ఇట్టి కథనే చెప్పినవి. దేశము వేరు, సాధనము వేరు, చర్మమునకు జరిగినది మాత్రమొకటే.

ధోవతి, బొందు, అడ్డపొగ

కాశ్మీరము మనకు దూరమని యనుకొనువారు బొంబాయిని చూడవచ్చును. టాటా స్మారక ఆసుపత్రి 1941లో నెలకొల్పబడినది. అక్కడ రోగనిదానశాస్త్రమున పేరెన్నికగన్న వసంత రామ్‌జీ ఖానోల్కరు, సూర్యాబాయియను సహాధ్యయనకర్త్రితో కలిసి, 1945లో ఒక వ్యాసము ప్రకటించిరి. అలవాటులకును కాన్సరునకును గల సంబంధము దాని విషయము. అందులో చెప్పబడినవానిలో ఒకటి ధోవతికాన్సరు. నడుముచుట్టు బిగియగట్టిన ధోవతి ముడి యేండ్లతరబడి ఒకేచోట ఒరయుచుండును. చెమట, దుమ్ము, వేడిమి దానికి తోడగును. చర్మము తెల్లబడియు నల్లబడియు గట్టిపడి, తుదకు పుండగును. ఆ పుండు మానక కొందరికి కాన్సరుగా మారినది. మహారాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన మనవారికి ఈ కట్టు అపరిచితము కాదు.

ధోవతి నేడు చాలమంది నడుమునుండి జారిపోయినది, చీర జారలేదు. చీరక్రింద కట్టు లంగా బొందువలన నడుముచుట్టు నల్లనిచార పడని స్త్రీలు మన యిండ్లలో అరుదు. అది అందరు తల్లులకును ఉండునదే గదా యని ఎవ్వరును దానిని లెక్కచేయరు. 2024లో బ్రిటిషు మెడికల్ జర్నల్ వారి రోగవృత్తాంతపత్రికయందు మహారాష్ట్రము, బీహారు రాష్ట్రముల వైద్యులు ఇద్దరు వృద్ధస్త్రీల వృత్తాంతములను ప్రకటించిరి. ఒకరికి డెబ్బది యేండ్లు. నడుముప్రక్క పుండు పదునెనిమిది నెలలనుండి మానలేదు. రెండవవారు లంగా కట్టువారు కారు. లుగ్డా యను చీరనే నడుమునకు బిగియగట్టువారు. వారి పుండు రెండేండ్లనాటిది. కాన్సరు అప్పటికే గజ్జలలోని గ్రంథికి ప్రాకియుండెను. ఇరువురిది నొకటే రోగము: మార్జొలిన్ పుండు.

దీనినిబట్టి చీరపై అపవాదు వేయుట తగదు. కోట్లకొలది స్త్రీలు చీర కట్టుచున్నారు. ఇట్టి కాన్సరు వచ్చినవారు మిక్కిలి కొలదిమంది. దోషము చీరది కాదు, బొందు బిగువుది. సన్నని త్రాడు ఒకేచోట కోసినట్లు దిగుటయు, ఆచోట దురదపుట్టి గోకుటయు, పుండుపడినను అదేచోట మరల బొందు బిగించుటయు కీడునకు మూలము. వెడల్పాటి పట్టీగల లంగా కట్టుకొనినను, బొందు వదులుచేసినను, ముడిని దినదినము చోటు మార్చినను, పుండుపడినపుడు అది మానువరకు నడుముపై ఒత్తిడిలేని వస్త్రము ధరించినను చాలును. ఖర్చులేని వైద్యమిది. అయినను చెప్పువారుండవలెను. తల్లి తన నడుమునందలి పుండును కుమారునకు చూపదు. కోడలితో చెప్పుటకు సిగ్గుపడును. ఇంటిలోని చదువుకొన్న ఆడపిల్లలే అడిగి తెలిసికొనవలెను.

ఇక కళింగాంధ్రముయొక్క దురలవాటు కలదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మండలములందును, వానినానుకొనియున్న గంజాముప్రాంతమునను చుట్టయొక్క మండుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దీనినే అడ్డపొగ యందురు. స్త్రీలలో ఇది యెక్కువ. పనిచేసికొనుచు, బిడ్డ నెత్తుకొని, గాలికి చుట్ట ఆరిపోకుండ కాల్చుకొనుటకు ఇది సుళువని చెప్పుదురు. నిప్పు అంగిలికి అంగుళము దూరమున మండుచుండును. అంగిలి తెల్లబడి, దానిపై ఎఱ్ఱని చుక్కలు లేచి, కాలక్రమమున పుండుపడును. ఈ అంగిలికాన్సరునుగూర్చి 1945నాటి ఖానోల్కరు వ్యాసమునందే కలదు. 1957లో ఆంధ్రవైద్యులు కోస్తాతీరమునందలి తమ యనుభవమును ప్రకటించిరి. 1971లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి చేసిన పరిశీలనము వెలువడినది. అంగిలి చర్మము కాదు. పొగాకు స్వయముగా విషము. కావున దీనిని మార్జొలిన్ పుండ్లలో చేర్చరాదు. అయినను నిత్యము వేడికి వేగిన పొర తుదకు దారితప్పునను సత్యమునకు మన తెలుగుదేశమే సాక్షియైనదని చెప్పక తప్పదు.

మనుష్యులకే కాదు. మన ఎద్దులకు కొమ్ముకాన్సరు వచ్చుట రైతు లెరుగుదురు. కొమ్ము వంగి, లోపలిభాగము కుళ్లి, ముక్కున నెత్తురు కారును. కాడి రాపిడి, కొమ్ములకు కట్టు త్రాళ్లు, కొమ్ములు చెక్కుట మొదలగునవి దీనికి తోడ్పడు కారణములుగా పశువైద్యులు చెప్పుచున్నారు.

ఎందుకు జరుగును?

గాయమైనచోట దేహము రెండుపనులు చేయును. ఒకటి శత్రుసంహారము, రెండవది పునర్నిర్మాణము. శత్రుసంహారమునకై వచ్చిన తెల్లకణములు ప్రాణవాయువునుండి తీక్ష్ణమైన ద్రవ్యములను తయారుచేసి క్రిములపై చల్లును. ఆ ద్రవ్యములు క్రిములను మాత్రమే కాక, ప్రక్కనున్న మన కణములలోని డి.ఎన్.ఎ.ను సైతము గాయపరచును. పునర్నిర్మాణమునకై దేహము కణములను విభజింపుమని ఆజ్ఞాపించును. వానికి ఆహారము చేరవేయుటకు క్రొత్తరక్తనాళములను పంపును. వారము పదిదినములు జరిగిన యెడల ఇది మేలే. పదియేండ్లు జరిగిన యెడల? ఒకప్రక్క డి.ఎన్.ఎ. చెడుచునే యుండును, మరియొకప్రక్క ఆ చెడిన కణములకే విభజింపుమను ఆజ్ఞ అందుచునే యుండును. లక్షలసారులు విభజింపబడిన కణములలో ఏదో ఒకటి దేహముయొక్క మాట వినుట మానివేయును. అదియే కాన్సరునకు బీజము. 1986లో అమెరికా వైద్యుడు డ్వోరాకు కాన్సరు గడ్డలను మానని గాయములతో పోల్చి వ్రాసిన వ్యాసము ఈ సామ్యమును శాస్త్రజ్ఞుల దృష్టికి మరల తెచ్చినది. జీర్ణాశయమున హెలికోబాక్టరు క్రిమి, కాలేయమున హెపటైటిస్ విషక్రిములు చేయునదియు కొంతవర కిట్టిపనియే.

పాతమచ్చకు మరియొక దౌర్భాగ్యము కలదు. కాలి మానిన చర్మమున రక్తనాళములు తక్కువ. దేహరక్షకులైన కణములు అక్కడికి చక్కగా చేరలేవు. చెడిన కణమొకటి పుట్టినను దానిని గుర్తించి చంపు కావలివారు లేరు. అందుచే కాన్సరు ఆ మచ్చలో కొంతకాలము అణగిమణగి పెరుగును. మచ్చ గోడను దాటి మంచిమాంసమును చేరిన పిదప వేగముగా గ్రంథులకు ప్రాకును. ఎండవలన వచ్చు చర్మకాన్సరుకంటె మార్జొలిన్ పుండు క్రూరమైనదని వైద్యులు చెప్పుట కిది యొక హేతువు.

ఇచట మన వర్ణమునుగూర్చి ఒకమాట చెప్పవలెను. తెల్లవారికి చర్మకాన్సరు ప్రధానముగా ఎండవలన వచ్చును. మన చర్మమునందలి నలుపు ఎండనుండి మనలను చాలవరకు కాపాడుచున్నది. అందుచే మనవారిలో చర్మకాన్సరు అరుదు. మనకది రాదని కొందరు వైద్యులు సైతము నిశ్చింతగా నుందురు. కాని నలుపు ఎండను ఆపునుగాని పుండును ఆపజాలదు. శ్యామవర్ణులకు వచ్చు చర్మకాన్సరులలో పాతమచ్చలనుండియు, మానని పుండ్లనుండియు, దీర్ఘకాలపు వాపులనుండియు పుట్టునవి చెప్పుకొనదగినన్ని కలవు. ఎండను తప్పించుకొనుమను పాశ్చాత్యుల ఉపదేశము మనకు చాలదు. పుండును మాన్పుకొనుమను ఉపదేశము మనకు కావలెను.

ఎవరికి ప్రమాదము?

మొదటివారు కాలినవారు. మన దేశమున ఏటా 60 నుండి 70 లక్షలమంది కాలిన గాయములపాలగుచున్నారని ప్రభుత్వపు అంచనా. లోతుగా కాలినచోట క్రొత్తచర్మము అతుకక, దానంతట అది మానుటకు విడిచిన యెడల, ఆ చోటు ముడుచుకొనిపోవును. మెడ గడ్డమునకు అతుకుకొనును. మోచేయి, మోకాలు చాచుటకు రాదు. చాచినప్పుడెల్ల బిగిసిన మచ్చ పగులును, పగిలినచోట పుండుపడును, మానును, మరల పగులును. ఇట్లు సగటున ముప్పది యేండ్లు గడచునప్పటికి కొందరికి కాన్సరు తలయెత్తును. కాలిన మచ్చలలో నూటికి ఒకటి రెండు మాత్రమే ఇట్లు మారునని గ్రంథములు చెప్పుచున్నవి. నూటికి ఒకటియన్నది చిన్నసంఖ్యగా తోచవచ్చును. లక్షలమంది కాలుచున్న దేశమున అది చిన్నసంఖ్య కాదు. పదియేండ్లప్పుడు పొయ్యికడ కాలిన బాలికకు నలుబదియేండ్ల వయస్సున, బిడ్డల పెండ్లిండ్లు చేయవలసిన సమయమున, కాన్సరు వచ్చుటయన్న నేమో ఊహించుకొనవలెను. తొలిదినములలోనే ఆమెకు చర్మము అతికియున్నచో ఈ యాపద చాలవరకు తప్పియుండును.

రెండవవారు కుష్ఠురోగులు. ప్రపంచమున ఏటేటా కనుగొనబడుచున్న క్రొత్త కుష్ఠురోగులలో సగమునకు పైగా మన దేశమువారే. మందులవలన రోగము కుదిరినను పోయిన స్పర్శజ్ఞానము తిరిగిరాదు. ముల్లు గ్రుచ్చుకొనినను, చెప్పు కరచినను వారికి తెలియదు. అరికాలిపుండు ఏండ్లతరబడి నిలిచిపోవును. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల వ్రేళ్లు ఊడిపోవుటకు రోగముకంటె నొప్పి తెలియకపోవుటయే ముఖ్యకారణమని నిరూపించెను. మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులతోనే అనేకుల పాదములు నిలిచినవి. ఆ చెప్పులే కాన్సరునకును రక్షణము.

ఉబ్బిన సిరలవలన కాలిమడమపై ఏర్పడు పుండ్లు, ఎముక కుళ్లి చీము కారుచుండు రంధ్రములు, కదలలేని రోగులకు పడుపుండ్లు, చర్మక్షయ, చంకలలోను గజ్జలలోను మరల మరల చీముపట్టు కురుపులు, ఇవన్నియు ఈ కోవలోనివే. నిలుచుండి పనిచేయువారు, అనగా పోలీసులు, వంటవారు, అంగళ్లలో పనివారు, చాకలివారు, ఉబ్బినసిరల పుండ్లకు లోనగుచుందురు. వారికి కట్టుకట్టుచు, పూతమందు మార్చుచు కాలము గడపుటయే తప్ప, సిరలకు చికిత్స చేయించుకొను తీరిక ఎక్కడిది?

గుర్తించుట, మాన్పుట

గుర్తించు విధము కష్టమైనది కాదు. మూడునెలలలో మానని ఏ పుండునైనను అనుమానింపవలెను. పాతపుండు అంచులు పైకి లేచి గట్టిపడినను, వెలుపలికి మడిచినట్లున్నను, నడుమ కాలిఫ్లవరువలె మాంసము పెరిగినను, తాకినంతనే నెత్తురు కారినను, క్రొత్తగా దుర్వాసన వచ్చినను, ఇదివరకు లేని నొప్పి పుట్టినను, గజ్జలలో గాని చంకలలో గాని బిళ్ల కట్టినను, ఒక్కదినమైనను ఆలసింపరాదు. మానిపోయిన పాతమచ్చపై అకస్మాత్తుగా పుండు లేచుటయు అట్టిదే.

నిర్ణయము బయాప్సీవలననే కాగలదు. పుండు అంచునుండియు, అనుమానముగల ఇతరస్థలములనుండియు చిన్నముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలెను. ఒక్కచోటినుండి తీసిన ముక్కలో కాన్సరు కనబడనంతమాత్రమున లేదని నిశ్చయింపరాదు. అనుమానము తీరనిచో మరల తీయవలెను. కత్తి తగిలినయెడల కాన్సరు రేగునను భయము మనవారిలో చాలమందికి కలదు. ఈ భయమువలన పోయిన ప్రాణములు కత్తివలన పోలేదు. బయాప్సీ చేయనివాడు కాన్సరును ఆపుటలేదు. దానికి గడువు ఇచ్చుచున్నాడు.

తొలిదశలో కనుగొనినయెడల పుండును చుట్టునున్న కొంత మంచిచర్మముతో సహా, సాధారణముగా రెండు సెంటీమీటర్ల మేరకు తగ్గకుండ, కోసివేసి చర్మము అతుకుదురు. ఆలస్యమై ఎముకకు ప్రాకినచో కాలో చేయో తీసివేయవలసివచ్చును. గ్రంథులకు ప్రాకినచో వానిని తీయుటయు, కిరణచికిత్సయు అవసరము కావచ్చును. ఒకే రోగమునకు ఒకరికి అరచేతి వెడల్పు చర్మము, మరియొకరికి కాలు మూల్యమగుచున్నది. ఈ రెంటికి నడుమనున్నది వైద్యుని నైపుణ్యము కాదు, కొన్ని నెలల కాలము.

మన కర్తవ్యము

చెన్నపురికి ఈ విషయమున కొరత లేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ సోదరి కాన్సరుతో బాధపడి మరణించుటను చూచి పూనిన సంకల్పమువలన అడయారు కాన్సరు సంస్థ 1954లో పనిచేయ నారంభించినది. కీల్పాకునందలి ప్రభుత్వ వైద్యశాలలో కాలినవారికి ప్రత్యేకవిభాగము కలదు. ఇటువంటి వసతులు పెద్దనగరములందున్నవి. రోగి మాత్రము పల్లెలో నున్నాడు. అతడు మొదట చూచునది కట్టుకట్టు కాంపౌండరును. కాంపౌండరు పుండు కడిగి మందువేసి పంపును. మరుసటివారము మరల రమ్మనును. ఇట్లు ఏండ్లు గడచును. ఆ కాంపౌండరును నిందింపము. మూడునెలల గడువును అతనికి చెప్పినవారు లేరు.

కావున మేము కోరునవి మూడు. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును, మూడునెలలు మానని పుండుగల రోగిని బయాప్సీకి పంపితీరవలెనను నియమము గోడపై తెలుగున వ్రాసియుండవలెను. కట్టుకట్టు గదిలో, రోగికిని కాంపౌండరునకును కనబడునట్లు వ్రాయవలెను. రెండవది, లోతుగా కాలినవారికి తొలివారములలోనే చర్మము అతుకు శస్త్రవైద్యము జిల్లా ఆసుపత్రులందు దొరకవలెను. కాలిన రోగి బ్రతికి ఇల్లుచేరుటతో వైద్యము ముగిసెనని తలంచుట పొరపాటు. ముడుచుకొన్న మచ్చతో పంపిన రోగి ముప్పదియేండ్ల పిమ్మట మరల వచ్చును. మూడవది, కాలినవారికిని కుష్ఠురోగులకును పాతమచ్చలను, పాదములను ఏటేట చూచుకొను పద్ధతి నేర్పవలెను. ఈ మూడింటికిని క్రొత్తమందు కనిపెట్టనక్కరలేదు. ఉన్నదానిని చేరవేయుటయే పని.

ప్రభుత్వము చేయవలసినదానికి ఎదురుచూచుచు మనము చేయగలదానిని మానరాదు. రాజధానియందున్న ప్రతి తెలుగు గృహమునకును పల్లెతో సంబంధము కలదు. మన యింట పనిచేయు స్త్రీ కాలికి కట్టుగుడ్డతో తిరుగుచుండుట మనము చూచుచునే యుందుము. ఎంతకాలమునుండి యని అడిగినవారెందరు? పండుగకు ఊరికి పోయినప్పుడు పెద్దమ్మ నడుము, మేనత్త కాలినచేయి, పాలేరు పాదము చూడుమని పిల్లలకు చెప్పినవారెందరు? మన కుటుంబములందలి వైద్యులు వేసవిసెలవులలో స్వగ్రామమున ఒకదినము పుండ్లు చూచుటకే కేటాయించినచో, ఒక్క కాలైనను, ఒక్క ప్రాణమైనను నిలుచును.

భయపెట్టుట మా యుద్దేశము కాదు. పాతపుండ్లలో అధికసంఖ్య కాన్సరు కావు. పాతమచ్చలలో అధికసంఖ్య జీవితాంతము మచ్చలుగానే యుండును. కాని ఏది కాన్సరో, ఏది కాదో పైకిచూచి చెప్పగలవారు లేరు. తెలిసికొనుటకు మార్గము గలదు, అది సులభమైనది, సమీపమున నున్నది. ఇట్టి స్థితిలో పాతపుండే గదా యను మాటయే అన్నింటికంటె అపాయకరమైన మాట. పుండు పాతబడినకొలది దానియెడ మన అలవాటు పెరుగును. అదే కొలదిని దానియెడ మన జాగ్రత్త పెరుగవలెను. ఈ వారముననే తమ యింటివారిని, పనివారిని ఒక్కమాట అడిగి చూడవలసినదని పాఠకులను వేడుచున్నాము.